ఆరోగ్యవంతుడు నంబర్ వన్

మా ఊళ్లో ల్యాబు మాస్టారు పోయారని నాన్న ఫోన్ చేసేటప్పటికి నేను కాకినాడలో, యూనివర్సిటీ ల్యాబులో, పరీక్షకి రక్తాన్ని తోసే పంపు ముందు కూర్చుని ఉన్నాను. "ఆయాసం ఎక్కువైందటమ్మా. పొద్దున్న ఏడింటికి పోయారు. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేశారు. నువ్వు బయలుదేరు" అన్నారు. సరేనన్నాను. పంపు ఆపేశాను. దాని గొట్టంలో కదులుతున్న రక్తం ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

అప్పుడు నాకు కలిగింది దుఃఖమని రాయాలని ఉంది. కాదు. 'ఇంక ఆయనకి చెప్పక్కర్లేదు' అన్న మాట ముందు వచ్చింది. ఒక్క క్షణం గుండె తేలికపడింది కూడా. ఆ తేలికని గమనించుకునేసరికి నేను ఇలాంటిదాన్నా అని భయం వేసింది. ఆ భయం ఇంకా పోలేదు.

మాస్టారికి నేను ఒక అబద్ధం చెప్పాను. ఒకే ఒక్క మాట. ఆయన బతికుండగా దాన్ని దిద్దుకోలేదు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మంచిమాటలే రాయాలంటారు. ఆయన గురించి నా దగ్గర మంచిమాటలకి కొదవ లేదు, నా గురించే లేవు. కానీ రెండూ కలిపి రాస్తేగానీ ఆయన ఎలాంటి మనిషో మీకు తెలియదు.

రాజమండ్రిలో మెయిన్ రోడ్డు వెనక సందులో మా నాన్నకి తాళ్లూ, పురికొసా, వలదారం అమ్మే కొట్టు ఉంది. పక్క షట్టరు మాస్టారి రక్తపరీక్షల గది. మేడమీద వాళ్ల ఇల్లు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అయితే ఊళ్లో సగం ల్యాబుల్లో సూది పట్టేవాళ్లు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లే, అందుకని అందరికీ మాస్టారే. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ పొట్టిచేతుల తెల్లచొక్కాతో ఉండేవారు. మైక్రోస్కోపు అద్దాలు తుడవడానికి కంపెనీ కాగితాలు వాడేవారు కాదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ తన పాత పంచె ముక్క ఒకటి డబ్బాలో దాచుకునేవారు. దాన్ని ఇంకెవరైనా ముట్టుకుంటే ఊరుకునేవారు కాదు.

సూది గుచ్చేముందు ప్రతివాళ్లనీ పొద్దున్న ఏం తిన్నారని అడిగేవారు. పెసరట్టు అంటే అల్లం పచ్చడా, కొబ్బరి పచ్చడా అనేవారు. వాళ్లు ఆలోచించి చెప్పేలోపు పని అయిపోయేది. ఖాళీ కడుపుతో రావలసినవాళ్లు కూడా ఆ ధాటికి నిజం కక్కేసేవారు. అప్పుడు నవ్వి, మర్నాడు రమ్మని పంపేసేవారు.

నిలబడి ఉన్నవాళ్ల చేతికి రిపోర్టు ఇచ్చేవారు కాదు. "ముందు కూర్చోండి" అనేవారు. మంచి రిపోర్టయినా అంతే. ఎందుకని అడిగితే, "చెడ్డదానికే కూర్చోమంటే, ఆ మాటకే వాళ్ల గుండె ఆగిపోదటమ్మా?" అన్నారు.

నేను పుట్టుపిరికిదాన్ని. బల్లి అరిస్తే ఉలిక్కిపడే రకం. అలాంటిదాన్ని రక్తం మీద పరిశోధనకి వచ్చానంటే ఆయన చలవే. పదో తరగతి సెలవుల్లో కొట్లో కూర్చుని విసుగెత్తి పక్క షట్టర్లోకి వెళ్తే, మైక్రోస్కోపు దగ్గరికి స్టూలు జరిపి "చూడు" అన్నారు. లేత గులాబీ రంగు గుండ్రాలు లెక్కలేనన్ని, వాటి మధ్య అక్కడక్కడ ఊదారంగు మచ్చతో పెద్ద కణాలు. "ఇది ఎవరిది మాస్టారూ?" అని అడిగాను. "నాదే. నీది చూపిద్దామంటే ఏడుస్తావుగా" అన్నారు.

నా పరిశోధన ఏంటో రెండు ముక్కల్లో చెబుతాను. అగ్గిపెట్టెలో సగం ఉండే పారదర్శకమైన రబ్బరు ముక్క, దాన్ని చిప్పు అంటాం. అందులో వెంట్రుకంత సన్నని కాలువలు. కాలువల్లో కంటికి ఆనని స్తంభాలు, వరసలుగా, కాస్త ఏటవాలుగా ఉంటాయి. పల్చన చేసిన రక్తం చుక్కని పంపిస్తే చిన్న కణాలు స్తంభాల సందుల్లోంచి తిన్నగా పోతాయి. పెద్దవి ప్రతి స్తంభం దగ్గరా కొంచెం పక్కకి జరుగుతూ చివరికి వేరే దారిలో బయటపడతాయి. ఖరీదైన మిషనూ, ఏసీ గదీ లేని ఊళ్లో కూడా వేలి కొసనుంచి తీసిన చుక్కతో తెల్ల కణాలని విడదీసి లెక్కపెట్టాలన్నది ఆశ. ఇదంతా సెమినార్లో చెప్పడానికి నాకు గంట పట్టేది. మాస్టారు ఒక్కసారి చూసి, "రైలు బ్రిడ్జి స్తంభాల దగ్గర నీళ్లు చూళ్లేదా? ఆకూ అలమూ మధ్యలోంచి పోతాయి, దుంగలు పక్కకి తిరుగుతాయి. అంతేగా" అన్నారు. అంతే మరి.

పరికరం సరిగ్గా పనిచేస్తోందని తేల్చుకోవాలంటే ముందు ఏ జబ్బూ లేని మనిషి రక్తం కావాలి. ప్రతివారం ఒకే మనిషిదైతే మరీ మంచిది. అనుమతి కాగితాలు పట్టుకెళ్లి మాస్టారినే అడిగాను. చదవకుండా సంతకం పెట్టనని కూర్చుని మొత్తం చదివి, అప్పుడు పెట్టారు. సీసాల మీద పేర్లు రాయకూడదు కాబట్టి 'ఆరోగ్యవంతుడు - 1' అని చీటీ అంటించాను. అది చూసి మురిసిపోయారు. మేడమీదకి వినపడేలా, "ఏమే, విన్నావా? నేను ఆరోగ్యవంతుడు నంబర్ వన్‌ని. యూనివర్సిటీ వాళ్లే రాశారు" అని కేకేశారు. "ఆ నంబర్ వన్‌ని భోజనానికి రమ్మను, కూర చల్లారిపోతోంది" అని పైనుంచి పిన్నిగారి గొంతు వినిపించింది. మాస్టారి భార్యని నేను చిన్నప్పటినుంచీ పిన్నిగారనే పిలుస్తాను.

నిజానికి ఆయన రక్తం అంతకుముందు నుంచే ఒక కొలబద్ద. కణాలు లెక్కపెట్టే మిషన్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి కంపెనీవాళ్లు ప్రత్యేకంగా రక్తం సీసాలు అమ్ముతారు. వాటిని చల్లగా ఉంచాలి, కరెంటు పోతే పాడవుతాయి, తెరిచాక కొద్దిరోజులే పనికొస్తాయి. అందుకని మాస్టారు సోమవారం షట్టరు ఎత్తగానే రబ్బరు పట్టీ కొసని పళ్లతో బిగించి, కుడిచేత్తో తన ఎడమచేతి రక్తం తానే తీసుకుని, ముందు అది మిషన్లో పెట్టేవారు. తన అంకె తనకి కంఠతా వచ్చు. ఆ అంకె వస్తే మిషన్ బాగున్నట్టు, రాకపోతే మిషన్‌ని సవరించడం. ఏళ్లుగా అదే పద్ధతి. సీసాలో మిగిలింది నేను ఐసు డబ్బాలో పెట్టుకుని, కెనాల్ రోడ్డు బస్సెక్కి కాకినాడ తీసుకుపోయేదాన్ని.

"మనిషిని అనుమానించే ముందు మిషన్‌ని అనుమానించు. మిషన్ కన్నా ముందు నీ చేతిని అనుమానించు." ఆయన దగ్గర చేరిన ప్రతివాళ్లూ వినే మొదటి మాట ఇది. ఆ మాట ఎంతమందిని తప్పుడు రిపోర్టుల నుంచి కాపాడిందో నాకు తెలుసు. ఆయన్ని మాత్రం అదే ముంచింది.

నా పరిశోధన ఐదో ఏడాది, సోమవారం పరీక్షల్లో ఆయన తెల్ల కణాల అంకె కొద్దికొద్దిగా పైకి పోవడం మొదలుపెట్టింది. మిషన్ పాతబడిందనుకుని సవరించారు. రెండు నెలలకి మళ్లీ సవరించారు. ఆ తర్వాత మళ్లీ. గాజుపలక మీద రక్తం పూసి చూస్తే కొన్ని కణాలు నలిగిపోయి, కాలికింద పడ్డ నేరేడుపళ్లలా చెదిరి కనిపించేవి. "నొక్కేస్తున్నానమ్మా. చెయ్యి బరువెక్కింది, వయసు" అన్నారు నాతో. ఖాళీ ఉన్నప్పుడల్లా పాత పలకలు కడిగి తెచ్చుకుని, రక్తం పూయడం మొదటినుంచీ నేర్చుకునేవారు. నలభై ఏళ్లు అదే పని చేసిన మనిషి, నిన్న చేరినవాళ్లలా. అది చూసి నేను నవ్వాను.

కాకినాడలో నా కథా అదే. మిగతావాళ్ల రక్తం చిప్పులోంచి హాయిగా పోయేది. మాస్టారిది పంపిస్తే సగంలో మూసుకుపోయేది. కణాలు స్తంభాలకి తగిలి పగిలి, వాటిలోంచి జిగురులాంటిది కారి దారంతా పట్టేసేది. చిప్పు పోతపోసే అచ్చు బాగా రాలేదనుకున్నాను. చిప్పు మార్చాను, అచ్చు మార్చాను, పల్చన చేసే ద్రావణం మార్చాను. ఆయన శిష్యురాలినే కదా, అన్నిటినీ అనుమానించాను, ఆయన్ని తప్ప.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఐదో చిప్పు కూడా మూసుకుపోయింది. విసుగొచ్చి ఆ సీసాలోదే ఒక చుక్క పలక మీద పూసి, రంగు వేసి చూశాను. తెల్ల కణాలు కొన్ని నలిగిపోయి ఉన్నాయి. నలగనివన్నీ ఒకే రకం. చిన్నవి, గుండ్రనివి, ఒక్క అచ్చులో పోసినట్టున్నాయి. ఆరోగ్యవంతుడి రక్తంలో అన్నీ ఒకేలా ఉండకూడదు. పుస్తకం తీసి బొమ్మ పక్కన పెట్టుకుని చూశాను. పుస్తకం మూసేశాను. ఎవరో చూస్తున్నట్టనిపించి లేచి వెళ్లి ల్యాబు తలుపు వేసి వచ్చాను. అది రక్తానికి వచ్చే క్యాన్సర్లలో ఒకటి, పెద్దవయసులో చప్పుడు చేయకుండా వచ్చే రకం. నేను డాక్టర్ని కాను. అయినా నాకు తెలిసిపోయింది.

ఆ రోజే ఫోన్ చేయాలి. చేయలేదు. థీసిస్ ఇవ్వడానికి ముందు జరిగే సెమినారు పై వారం శుక్రవారం. నా గ్రాఫులన్నిటిలోనూ 'ఆరోగ్యవంతుడు - 1' అనే గీత అడుగున ఉంటుంది, మిగతావన్నీ దాని మీదే నిలబడి ఉంటాయి. ఆయన ఆరోగ్యవంతుడు కాకపోతే ఐదేళ్ల పని కూలిపోతుంది. అది ఒక కారణం. రెండోది ఉత్త భయం. నేను నోరు తెరిచి చెప్పేదాకా అది నిజం కాదన్నట్టు ఒక వెర్రి నమ్మకం. ఫోన్ తీసేదాన్ని, ఆయన నంబరు చూసేదాన్ని, పక్కన పెట్టేసేదాన్ని. మధ్యలో సోమవారం ఆయనే చేశారు.

"రాలేదేంటమ్మా? నంబర్ వన్ చెయ్యి చాపుకుని కూర్చున్నాడిక్కడ."

"సెమినారు పనిలో ఉన్నాను మాస్టారూ."

"కానీ, కానీ. అది ముఖ్యం" అన్నారు.

ఆయన తన రక్తాన్ని బట్టి సవరించిన మిషన్ అందరికీ తెల్ల కణాలు తక్కువ చేసి చూపిస్తుంది. దాని మీదే ఆ రోజుల్లో ఊళ్లోవాళ్ల పరీక్షలు జరుగుతున్నాయి. ఆ సంగతి నాకు తోచలేదని చెప్పుకోవచ్చు. తోచింది. పక్కకి నెట్టేశాను.

సెమినారు అయింది. బాగా జరిగిందని అందరూ అన్నారు. మర్నాడు, అంటే పదకొండో రోజున, పొద్దున్నే బస్సెక్కాను. కడియం దగ్గర దిగిపోయి వెనక్కి వెళ్లే బస్సెక్కుదామనుకున్నాను. వెళ్లేసరికి మాస్టారు షట్టరు ఎత్తి ఊడుస్తున్నారు.

"రామ్మా రా. టిఫినైందా?"

"మీరు ముందు కూర్చోండి మాస్టారూ" అన్నాను.

చీపురు గోడకి ఆనించారు. స్టూలు లాక్కుని కూర్చుని నా మొహంలోకి చూశారు. "నాదేనా?" అన్నారు.

తలూపి, తెచ్చిన పలక చేతికిచ్చాను. పంచె ముక్కతో అద్దం తుడిచి, పలక పెట్టి చాలాసేపు చూశారు. బయట ఎవరో "మాస్టారుగారూ" అని పిలిస్తే ఆగమని చెయ్యి ఊపారు. ఆఖరికి తల ఎత్తి, "అయితే నా చెయ్యి కాదన్నమాట" అన్నారు. ఆ గొంతులో ఉన్నది ఊరట. తర్వాత మిషన్ వైపు చూశారు. అప్పుడు మాత్రం మొహం పాలిపోయింది.

"ఇది ఎప్పుడు చూశావమ్మా?"

"నిన్న" అన్నాను.

"నిన్న చూసి ఇవాళ పరిగెత్తుకొచ్చావా? మంచి పని చేశావు తల్లీ" అన్నారు.

ఆ వారంలోనే పెద్ద డాక్టరుకి చూపించుకున్నారు. నెమ్మదిగా నడిచే జబ్బేనని, కానీ కణాలు ఇప్పటికే చాలా పెరిగాయని చెప్పారాయన. మాస్టారు వినీ విననట్టు వచ్చేసి, కంపెనీ సీసాలు తెప్పించి మిషన్ సరిచేసి, పేషెంట్ల పుస్తకం తీశారు. మొదటిసారి సవరించిన రోజు నుంచి అందరికీ ఫోన్లు. నంబరు నేను నొక్కి ఇచ్చేదాన్ని, ఆయన మాట్లాడేవారు. "మా మిషన్ తప్పు చెప్పిందండి. పొరపాటు నాదే. ఒక్కసారి వచ్చి మళ్లీ పరీక్ష చేయించుకోండి." కొందరు తిట్టారు, కొందరు రామన్నారు. వచ్చినవాళ్లలో చాలామందికి ఏమీ లేదు. పిన్నిగారు తట్టుకోలేక కిందికి దిగి వచ్చి, "ఊరంతా టముకు వేస్తే రేపు ఈ గుమ్మం ఎవరు తొక్కుతారండీ?" అన్నారు. "తొక్కకపోతే మానేస్తారు. వాళ్లకి తెలియాలి కదా" అన్నారు మాస్టారు.

చివరి పేజీకి వచ్చేసరికి ఒక వరస మీద నా వేలు ఆగిపోయింది. గోదావరిలో చేపలు పట్టేవాళ్ల ఇంటావిడ, రేవు దగ్గర కూర్చుని అమ్ముతుంది. పరీక్ష తేదీ ఆదివారం. నేను పలక చూసిన మంగళవారానికి ఐదు రోజుల తర్వాత. ఫోన్ చేస్తే ఆవిడ భర్త ఎత్తి, ఆసుపత్రిలో ఉండి నిన్ననే ఇంటికొచ్చిందని చెప్పాడు. "ఇది ఫోన్లో చెప్పేది కాదు, పద" అని మాస్టారు లేచారు.

ఆవిడ గుమ్మంలో మంచం మీద కాలు చాపి కూర్చుని ఉంది. కాలికి కట్టు. చేపలు వలలోంచి తీస్తుంటే జెల్ల చేప ముల్లు పిక్కలో దిగిందట.

"ఆ రోజు నేనిచ్చిన రిపోర్టు తప్పమ్మా" అన్నారు మాస్టారు. "తెల్ల కణాలు ఎక్కువ ఉండుంటాయి. మామూలుగా ఉన్నాయని ఇచ్చాను. పొరపాటు నాది."

"రిపోర్టు బాగుందనే కదండీ డాక్టరుగారు మాత్రలిచ్చి పంపేశారు" అందావిడ. "మూడ్రోజులకి కాలు కుండలాగైపోయింది. కోసి చీము తీశారు. ఇప్పుడొచ్చి చెబితే ఏం లాభమండీ?"

"లాభం కోసం కాదమ్మా. నీకిలా ఎందుకైందో నీకు తెలియాలి."

ఆవిడ కూర్చోమనలేదు. మంచినీళ్లు కావాలా అని అడగలేదు. మాస్టారు చేతులు జోడించి నిలబడ్డారు. ఆయన వెనక నేను నిలబడ్డాను. 'ఇది ఆయన తప్పు కాదండీ' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆయన నా చెయ్యి చూసి, "తిట్టింది నన్నైతే నువ్వెందుకమ్మా ఇలా వణికిపోతున్నావు?" అన్నారు.

ఆ తర్వాత ఏడాది పైన బతికారు. ప్రతి సోమవారం చెయ్యి చాపుతూనే ఉన్నారు. "ఇప్పుడు రోగి నంబర్ వన్ అని రాసుకో, అదీ పనికొస్తుంది" అని నవ్వేవారు. నా థీసిస్ మొదటినుంచీ మళ్లీ రాశాను. పగిలే కణాలని పగలకుండా దాటించే చిప్పు దానిలోంచే వచ్చింది, అంటే ఆయన జబ్బులోంచి. ఒకసారి ఆసుపత్రి వరండాలో తన వంతు కోసం కూర్చుని, "ఇంకొకళ్లు గుచ్చితే తెలిసిందమ్మా, ఇన్నాళ్లూ నేనెంతమందిని ఏడిపించానో" అన్నారు. మళ్లీ తనే, "నాకూ భయంగానే ఉంది సుమా" అన్నారు. అప్పుడు చెప్పేయాలి. ఆ మనిషి తన భయం నాకు చెప్పుకున్నాడు, నేను నాది చెప్పుకోవచ్చు. ఈలోగా ఆయన నంబరు పిలిచారు. ఆయన లేచారు. నేను ఫైలు పట్టుకుని వెనకాల నడిచాను.

పెద్దకర్మ అయిన మర్నాడు పిన్నిగారికి చెప్పాను. పదకొండు రోజులూ, 'నిన్న' అన్న మాటా, రేవు దగ్గరావిడ పరీక్ష తేదీ, అన్నీ.

"ఆ పదకొండు రోజులు ముందు తెలిస్తే ఇంకొన్నాళ్లు ఉండేవారా?"

"తేడా ఉండేది కాదని డాక్టరుగారన్నారు. నాకు తెలీదండీ."

"నాకు చెప్పావు సరే, దాన్ని నేనేం చేసుకోను?" అన్నారు. "ఆ రేవు దగ్గరమ్మాయికి చెప్పావా?"

"లేదండీ."

"మరి నా దగ్గర కూర్చున్నావేం?"

రేవుకి నడిచే వెళ్లాను. ఆటో అయితే తొందరగా చేరిపోతానని. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని చేప పొలుసు తీస్తోంది. నన్ను గుర్తుపట్టింది. "పెద్దాయన పోయారటగా" అంది.

"అవునండీ. మీకొక మాట చెప్పాలి. మీ రిపోర్టు తప్పవడం ఆయన వల్ల కాదు. మిషన్ తప్పు చూపిస్తోందని మీరు పరీక్షకి రాకముందే నాకు తెలుసు. ఐదు రోజుల ముందే. ఆయనకి చెప్పలేదు."

ఆవిడ చెయ్యి ఆగింది.

"ఆ రోజు నా గుమ్మంలో దండం పెట్టాడు పెద్దాయన. నువ్వు పక్కనే ఉన్నావు."

"ఉన్నానండీ."

"తనదేననుకుని పోయాడన్నమాట."

తిడుతుందని చూశాను. తిడితే బాగుండును. ఆవిడ చేప పక్కన పెట్టి, చెంబులో నీళ్లతో చేతులు కడుక్కుని, కాలు నా వైపు చాపి చీర పైకి జరిపింది. పిక్క మీద జానెడు మేర చర్మం నల్లగా, నున్నగా ఉంది. మధ్యలో గుంట.

"ముట్టుకుని చూడు."

"వద్దండీ" అన్నాను.

"చూడమ్మా. రక్తాలు చూసేదానివేగా."

ఇసుకలో మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆరేళ్లుగా మనుషుల రక్తం మీద పనిచేస్తున్నాను. ఆ సీసాలు నింపినవాళ్లలో మాస్టారు తప్ప ఇంకొకళ్ల మొహం నేను చూసి ఎరగను. వేలు పెట్టాను. చర్మం వెచ్చగా, గట్టిగా ఉంది. గుంటలో నా వేలి కొస పూర్తిగా దిగింది. ఆవిడ కాలు వెనక్కి తీసుకోలేదు, నేను వేలు తీయలేదు.